వలలో మనిషి ఎముక పడితే మళ్ళీ గంగమ్మకే వదిలేశారు. ఇప్పుడు మేమేం చెయ్యాలి?

కళింగతీరం_అమ్మాయి · నవంబరు 9, రాత్రి 9:42

పెద్దలందరికీ నమస్కారం. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడవుంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో సముద్రపొడ్డు ఊరు. మా నాన్న విశాఖ హార్బర్ నుంచి వేటకెళ్ళే మరబోటులో ఇంజను డ్రైవరు. 2016 అక్టోబరులో వేట ముగించుకుని వస్తుండగా, కళింగపట్నానికి ఎదురుగా, రాత్రిపూట బోటు మునిగిపోయింది. ఏడుగురిలో ఐదుగురు ఖాళీ డీజిల్ డబ్బాలు పట్టుకుని తేలారు. తెల్లారాక ఇంకో బోటువాళ్ళు ఎక్కించుకున్నారు. ఒకాయన శవం ఐదో రోజున విజయనగరం జిల్లా ముక్కాం దగ్గర ఒడ్డుకొచ్చింది. నాన్న రాలేదు. నీళ్ళు తోడే మోటారు ఆగిపోతే చూడ్డానికి ఇంజను గదిలోకి దిగారని, అప్పుడే బోటు పక్కకి ఒరిగిందని బతికొచ్చినవాళ్ళు చెప్పారు.

తొమ్మిదేళ్ళయింది. అమ్మ ఇప్పటికీ మట్టెలు తీయలేదు. కర్మ చేయనివ్వలేదు.

పోయిన నెల మా పెదనాన్నగారి అబ్బాయి వెళ్ళిన బోటు వల ఆ దరిదాపుల్లోనే దేనికో పట్టేసింది. ఇంజను జోరు పెంచి లాగితే వల సగం చిరిగి పైకొచ్చింది. అందులో గుల్లలు పట్టిన చెక్క ముక్క ఒకటి, నీలం రంగు ఇంకా పూర్తిగా పోలేదట. దాంతోపాటు పొడుగాటి ఎముక. మనిషిదేనని అందరికీ తెలిసిపోయింది. బోటు నడిపే సరంగు దాని మీద పసుపునీళ్ళు చల్లి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ నీళ్ళలో వదిలేశారు. ఒడ్డుకి తెస్తే స్టేషను చుట్టూ తిప్పుతారని, బోటు ఆపేస్తారని భయం. అన్నయ్య ఇన్నాళ్ళూ దాచుకుని ఈ వారం ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పాడు.

నాన్న ఎక్కిన బోటు నీలం రంగే. కానీ మన దగ్గర సగం బోట్లు నీలమే.

అమ్మ ఒక్కటే అడిగింది: "ఏ కాలురా అది?" నాన్న ఎడమకాలు 2011లో ఆటో బోల్తాపడి విరిగితే లోపల స్టీలు రాడ్డు వేశారు. ఎముకలో రాడ్డు లేదని అన్నయ్య అంటున్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదు.

వదిలేయడం తప్పా? ఇప్పుడు ఏమైనా చేయగలమా? ఇన్నేళ్ళ తర్వాత మనిషి దొరకడమంటూ ఉంటుందా?

వంశధార_గట్టు · నవంబరు 9, రాత్రి 10:15

చెల్లీ, చదువుతుంటే గుండె బరువెక్కిపోయింది. మీ అమ్మగారిని కనిపెట్టుకుని ఉండు. తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, తప్పకుండా చెప్తారు.

సరంగు_మావ · నవంబరు 10, ఉదయం 5:20

అమ్మా, నీ రాత చదివినాక రాత్రి నిద్ర పట్టనేదు. నలబై ఏళ్ళు బోటు నడిపినోణ్ణి. మీ అన్న బోటు సరంగుని తిట్టుకోకు. నానూ అదే పని చేసినాను.

ఇరవై రెండేళ్ళయింది. బారువకి ఎదురుగా ఇరవై బారల నీటిలో వల లాగితే పుర్రె వచ్చింది. పైదవడకి ఒక పన్ను మీద తొడుగు ఉండేది, ఎండకి తళుక్కుమంది. కుర్రోళ్ళు బెదిరిపోయి వెనక్కి ఎలిపోనారు. నాను పసుపు రాసి, తలకి కట్టుకున్న తువ్వాలులో చుట్టి, రాయి కట్టి వదిలీసినాను. ఒడ్డుకొచ్చి ఎవులికీ చెప్పనేదు. మా ఇంటిదానికి కూడా చెప్పనేదు. ఇదే మొదటిసారి.

ఆ తొడుగు చూస్తే గుర్తుపట్టే పెళ్ళామో తల్లో ఎక్కడో ఉండే ఉంటాది గదా. అప్పుడు ఆ ఆలోచన రానేదు. భయమే ఉంది.

ఇంకో మాట. వల పట్టీసిన చోటుని ప్రతి సరంగూ జీపీఎస్‌లో గుర్తెట్టుకుంటాడు, రేపు మళ్ళీ వల పోగొట్టుకోకుండా. మీ అన్న బోటులో ఆ అంకెలు ఉండే ఉంటాయి. ముందు అవి కాయితం మీద రాయించుకో. జీపీఎస్ పెట్టె పాడైతే, బోటు అమ్మీస్తే మరి దొరకవు. మిగతాది తరవాత.

గంగమ్మ_ఒడి · నవంబరు 10, ఉదయం 8:05

నా మాట కటువుగా అనిపిస్తే క్షమించమ్మా. మా తమ్ముణ్ణి కూడా సముద్రమే తీసుకుంది, అందుకే ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను. వదిలేయండి. ఆ సరంగు చేసింది సరైన పని.

1994 సెప్టెంబరులో బాల్టిక్ సముద్రంలో ఎస్టోనియా అనే ప్రయాణికుల ఓడ మునిగి 852 మంది పోయారు. దొరికిన శవాలు 94. ఓడ ఉన్నది అంత లోతేమీ కాదు, డైవర్లు వెళ్ళగలిగిన లోతే. అయినా లోపలున్నవాళ్ళని తీయకూడదని స్వీడన్ ప్రభుత్వం నిర్ణయించింది. 1995లో మూడు దేశాలు ఒప్పందం చేసుకుని ఆ చోటుని సమాధి స్థలంగా ప్రకటించాయి. పెరల్ హార్బర్‌లో మునిగిన అరిజోనా యుద్ధనౌకలో 1,177 మంది చనిపోతే 900 మందికి పైగా ఈ రోజుకీ అందులోనే ఉన్నారు. ఆ ఓడలో బతికి బయటపడి, ముసలితనంలో పోయిన నావికులు కొందరు తమ చితాభస్మాన్ని తోటివాళ్ళ దగ్గరికే చేర్చమని కోరారు. డైవర్లు దాన్ని పాత్రలో పట్టుకెళ్ళి ఓడ లోపల ఉంచారు.

అంటే నీళ్ళలో ఉండిపోవడం దిక్కులేని చావు కాదు. మా తమ్ముడు గంగమ్మ ఒడిలోనే ఉన్నాడనుకుని నేను పదమూడేళ్ళుగా బతుకుతున్నాను. వలలో పడిందని ఒక ఎముకను పైకి తెచ్చి, పోలీసు సంచిలో వేసి, సీలు కొట్టి, ఏ అలమరాలోనో ఏళ్ళ తరబడి ఉంచితే అది మర్యాద అవుతుందా?

ఎముకల_పాఠం · నవంబరు 10, మధ్యాహ్నం 1:30

నేను ఫోరెన్సిక్ మెడిసిన్ చదివిన డాక్టర్ని, సొంతూరు ఆమదాలవలస. ముందు అమ్మగారి ప్రశ్న చూద్దాం.

మీ అన్నయ్యని ఒకటి అడగండి: ఆ ఎముకకి ఒక చివర నిమ్మకాయంత గుండ్రటి తల ఉందా? ఉంటే అది చాలావరకు తొడ ఎముకే. ఆటో బోల్తాపడినప్పుడు విరిగింది మోకాలి కింద ఎముక అయితే, రాడ్డు అక్కడే ఉంటుంది, తొడలో ఉండదు. అప్పుడు "రాడ్డు లేదు" అన్న మాటతో అది నాన్నగారిదనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం.

తొమ్మిదేళ్ళకి ఎముకలు ఉంటాయా అంటే, ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి. మన సముద్రం వెచ్చన కాబట్టి విడిగా ఉన్న శవం రెండు మూడు రోజుల్లో లోపలి వాయువులకి ఉబ్బి పైకి తేలుతుంది. ముక్కాంలో దొరికినాయన అలా వచ్చినవారే. గదిలో చిక్కుకున్న మనిషి తేలరు. అదే గది బురదతో నిండిపోతే గాలి, పురుగు తగలక ఎముకలు నిలుస్తాయి. ఇంగ్లండులో మేరీ రోజ్ అనే ఓడ 1545లో మునిగింది. 1982లో పైకి తీశారు. బురదలో కనీసం 179 మంది ఎముకలు దొరికాయి. 437 ఏళ్ళ తర్వాత! టైటానిక్ సంగతి దీనికి పూర్తిగా వేరు. అది దాదాపు 3,800 మీటర్ల లోతున ఉంది. ఆ లోతు నీళ్ళలో ఎముకలోని సున్నం కరిగిపోతుంది. జతగా పడి ఉన్న బూట్లు కనిపించాయి తప్ప మనిషి కనిపించలేదు. మన తీరంలో ఇరవై, ముప్పై బారల లోతు ఈ విషయంలో మేలే చేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ నానమ్మగారు ఉన్నారా? లేకపోతే మేనత్త?

ఎందుకు అడుగుతున్నానంటే, ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నానిన ఎముకలో మామూలు డీఎన్‌ఏ చాలాసార్లు ముక్కలైపోయి ఉంటుంది. కణంలో మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో ఉండే డీఎన్‌ఏ కణానికి వందల ప్రతులుంటుంది కాబట్టి అది దొరికే అవకాశం ఎక్కువ. కానీ అది తల్లి నుంచే వస్తుంది. నాన్నగారిలో ఉన్నది నానమ్మది. మీలో ఉన్నది మీ అమ్మది. అంటే సొంత కూతురివైనా ఆ పరీక్షకి నీ రక్తం పనికిరాదు. నానమ్మ, మేనత్త, మేనత్త పిల్లలు పనికొస్తారు. మామూలు డీఎన్‌ఏ కూడా నిలిచి ఉంటే అప్పుడు నీ రక్తమే సాక్ష్యం. రెండూ సిద్ధంగా ఉండాలి.

కళింగతీరం_అమ్మాయి · నవంబరు 10, రాత్రి 8:50

డాక్టరుగారూ, అన్నయ్యకి ఫోన్ చేశాను. గుండ్రటి తల ఉందన్నాడు. "చేతిలో ఇమిడింది" అన్నాడు, తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. రాడ్డు మోకాలి కిందే వేశారు. అమ్మకి ఈ మాట చెప్పాను. ఇవాళ కొంచెం తింది.

నానమ్మ ఉంది. ఎనభై ఒకటి. మంచం దిగలేదు. మేనత్త పలాసలో ఉంటుంది.

మావా, ఆ అంకెలు అన్నయ్య పంపాడు, రాసుకున్నాను. లోతు ఇరవై రెండు బారలు అన్నాడు.

గంగమ్మ ఒడి అన్నా, మీ తమ్ముడి గురించి చదివి బాధనిపించింది. మీరన్నది తప్పనను. కానీ మా అమ్మ నాన్న నీళ్ళలో ఉన్నాడని నమ్మితే కదా? గుజరాత్ వైపు వెళ్ళిన బోట్లవాళ్ళని పాకిస్తాన్ పట్టుకెళ్ళిందని టీవీలో వచ్చినప్పుడల్లా ఆ మొహాల్లో నాన్న కోసం వెతుకుతుంది.

గంగమ్మ_ఒడి · నవంబరు 10, రాత్రి 9:30

అది నేను ఆలోచించలేదమ్మా. మా తమ్ముడు మునగడం నా కళ్ళతో చూశాను నేను. చూసినవాడికీ చూడనివాళ్ళకీ తేడా ఉంది.

రంగం_మునిమనవడు · నవంబరు 11, ఉదయం 7:10

విజయనగరం నుంచి. మా ముత్తాత భీమిలి రేవులో ఓడెక్కి రంగం (బర్మా రంగూన్) వెళ్ళి తిరిగి రాలేదు, అందుకని పాత ఓడల సంగతులు వెతుకుతుంటాను. మన తీరం కింద కూడా ఇవి ఉన్నాయి. 1917లో మంటలంటుకుని మునిగిన చిల్కా అనే స్టీమరు బారువ దగ్గరే ఉంది, ఇప్పుడు డైవర్లు దాన్ని చూడ్డానికి దిగుతున్నారు. పూసపాటిరేగ వైపు శాంతపిల్లి దీపస్తంభం కట్టిందే అక్కడి రాళ్ళకి ఓడలు కొట్టుకోకుండా.

చెల్లెమ్మ అడిగిన "ఇన్నేళ్ళ తర్వాత దొరుకుతుందా" అన్నదానికి నాకు తెలిసిన రెండు ఉదాహరణలు చెప్తాను.

1941 నవంబరులో ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ 645 మందితో మునిగింది. ఒక్కరూ బతకలేదు. మూడు నెలల తర్వాత క్రిస్మస్ దీవి దగ్గర ఒక తెప్ప కొట్టుకొచ్చింది, అందులో ఒక నావికుడి శవం. ఎవరో తెలియక దీవిలోనే పాతిపెట్టారు. 2006లో తవ్వి తీసి, పంటి నుంచి డీఎన్‌ఏ తీశారు. పేరు తేలింది 2021లో. ఎనభై ఏళ్ళకి! ఆ 645 మందిలో పేరు తెలిసిన శవం అదొక్కటే.

రెండోది టైటానిక్. 1912 ఏప్రిల్‌లో శవాల కోసం కెనడాలోని హాలిఫాక్స్ రేవు నుంచి, సముద్రం అడుగున తంతి తీగలు వేసే మాకే బెనెట్ అనే ఓడని పంపారు. మంచు, శవపేటికలు, శవాలు చెడకుండా ఉంచే మందులు వేసుకుని వెళ్ళింది. 306 మందిని తీసింది. 116 మందిని మళ్ళీ సముద్రంలోకే దించేయాల్సి వచ్చింది. ఇందులో నన్ను కదిలించేది వాళ్ళు పాటించిన పద్ధతి. ప్రతి శవానికీ ఒక అంకె. అదే అంకె వేసిన గుడ్డసంచిలో ఆ మనిషి జేబులో ఉన్నవి, వేలికున్నవి. జుట్టు రంగు, పచ్చబొట్లు, బట్టల మీద కుట్టిన అక్షరాలు అన్నీ పుస్తకంలో రాశారు. నీళ్ళలోకి తిరిగి దించినవాళ్ళవి కూడా రాశారు. అందువల్లే తర్వాత ఎవరు ఎవరో తెలుసుకోగలిగారు. అక్కడ పాతిపెట్టిన పేరు తెలియని పసివాడి సంగతి చూడండి. 2002లో డీఎన్‌ఏతో ఒక పేరు చెప్పారు, అది తప్పు. మళ్ళీ పరీక్ష చేసి 2007లో అసలు పేరు తేల్చారు. అంటే పరీక్షే తప్పు చెప్పొచ్చు, తొందరపడకూడదు.

సరంగు మావగారూ, మీరు పసుపు రాసి వదలడంలో మర్యాద లోపం ఏమీ లేదండి. కానీ ఆ చోటు, ఆ తారీఖు, ఆ పన్ను తొడుగు రాసి ఉంటే?

సరంగు_మావ · నవంబరు 11, ఉదయం 7:45

అదే బాబూ. రాయడమే రానేదు మాకు.

నీటికింద_ఇరవైఏళ్ళు · నవంబరు 11, సాయంత్రం 6:00

నేవీలో డైవరుగా పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం విజయనగరం కంటోన్మెంట్ దగ్గర ఉంటున్నాను. చేయగలిగిందేమిటో, చేయలేనిదేమిటో సూటిగా చెప్తాను.

ముందు ఆ చోటు గురించి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట నీరు దక్షిణానికి లాగుతుంది. కళింగపట్నం ఎదురుగా మునిగినవారు ముక్కాంలో తేలడం దానికి సరిపోతుంది. మునిగిన చోటుకీ వల పట్టేసిన చోటుకీ దూరం ఎంతో చూసుకో తల్లీ. బతికొచ్చిన ఐదుగురిలో ఎవరైనా ఆ రాత్రి ఏ లైటు ఏ పక్క కనిపించిందో చెప్పగలిగితే అదీ రాసుకో. బోటు తేలదు, కొట్టుకుపోదు. పడిన చోటే ఉంటుంది.

ఇరవై రెండు బారలంటే దాదాపు నలభై మీటర్లు. మామూలు గాలి సిలిండరుతో అక్కడ అడుగున పది నిమిషాలు ఉండొచ్చు. అంతకు మించితే పైకి వచ్చేటప్పుడు మధ్యమధ్య ఆగుతూ రావాలి, లేకపోతే రక్తంలో బుడగలు కట్టి మనిషి పడిపోతాడు. మత్తు కూడా కమ్ముతుంది. ఆ పైన చిరిగిన వలలు! డైవరుకి సొరచేప కంటే అదే ప్రాణాంతకం. చీకట్లో, బురద లేచిన నీళ్ళలో, నైలాను వలలో సిలిండరు చిక్కుకుంటే ఏమవుతుందో నేను ఒకసారి అనుభవించాను. కత్తి కాలికి కట్టుకుని ఉన్నాను కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. అందుకని ఊళ్ళో ఈతొచ్చిన కుర్రాళ్ళని ఎవరూ దింపొద్దు. చేతులెత్తి చెప్తున్నాను.

కానీ పద్ధతిగా చేస్తే ఆ లోతు అసాధ్యం కాదు. 2001 ఫిబ్రవరిలో హవాయి దగ్గర ఎహిమే మారు అనే జపాన్ శిక్షణ ఓడని అమెరికా జలాంతర్గామి కింద నుంచి వచ్చి గుద్దింది. తొమ్మిది మంది పోయారు, అందులో బడిపిల్లలు నలుగురు. ఓడ 600 మీటర్ల లోతుకి వెళ్ళిపోయింది. శవాలు లేకుండా వీడ్కోలు చెప్పలేమని ఆ కుటుంబాలు పట్టుబట్టాయి. ఆ ఓడని లోతులోనుంచి కొంత పైకెత్తి, నీళ్ళలోనే లాక్కుంటూ డైవర్లు దిగగలిగిన లోతుకి తెచ్చి, లోపల గది గదీ వెతికారు. తొమ్మిదిమందిలో ఎనిమిదిమందిని తీశారు. రష్యా కుర్స్క్ జలాంతర్గామి 2000 ఆగస్టులో 108 మీటర్ల లోతున పడిపోతే మరుసటి ఏడు పైకి తీసి, 118 మందిలో 115 మందిని ఇళ్ళకి చేర్చారు. అవి దేశాలు డబ్బు గుమ్మరించి చేసిన పనులు, ఒక మరబోటుకి ఎవరూ అంత చేయరు. అబద్ధం చెప్పి ఆశ పెట్టను.

మన దగ్గరే చూడండి. 1971 డిసెంబరులో విశాఖ రేవు ముందు పేలిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇప్పటికీ అక్కడే ఉంది, తొంభై మందికి పైగా దానితోనే పోయారు. అదే నెల 9న దియూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు, కెప్టెన్ ముల్లాతో సహా. ఆ రెండింటినీ సమాధులుగానే చూస్తాం. గంగమ్మ ఒడి గారు చెప్పిన మాటకి మా వృత్తిలో చాలా గౌరవం ఉంది. కాకపోతే ఆ నావికుల ఇళ్ళకి టెలిగ్రాము వెళ్ళింది, పేరు రాతి మీద చెక్కారు, పింఛను వచ్చింది. ఈ అమ్మాయి ఇంటికి ఏమొచ్చింది?

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ రోజుల్లో పైన వలలు ఉండవు. దిగాలంటే, కనీసం సోనారుతో (శబ్ద తరంగాలతో) అడుగు బొమ్మ తీయాలంటే అదే అదను. ఇప్పటి నుంచి అడిగితే అప్పటికి ఒక సర్వే పడవ రావచ్చు. 2025 జులైలో విశాఖలో నేవీలోకి చేరిన నిస్తార్ అనే డైవింగ్ ఓడ ఉంది, 300 మీటర్ల దాకా మనుషుల్ని దింపగలదు. అది మన కోసం వస్తుందని కాదు, అలాంటి పని తెలిసినవాళ్ళు మనకి గంటన్నర దూరంలోనే ఉన్నారని చెప్పడానికి.

పలాస_జీడితోట · నవంబరు 11, రాత్రి 7:20

కచ్చులూరు గుర్తులేదా అందరికీ? 2019 సెప్టెంబరు 15న గోదావరిలో రాయల్ వశిష్ఠ బోటు మునిగితే అంత లోతులోంచి ఇక తీయలేమన్నారు. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం గారి బృందం ఇనప తాళ్ళు, లంగర్లు వేసి అక్టోబరు 22న బయటికి లాగింది. లోపల చిక్కుకున్నవాళ్ళు అప్పుడే దొరికారు. అన్నాళ్ళూ గట్టు మీద కూర్చున్న కుటుంబాల్ని టీవీలో చూసి మా ఇంట్లో అందరం ఏడ్చాం.

కోర్టు_గుమ్మం · నవంబరు 12, ఉదయం 10:40

శ్రీకాకుళంలో ప్రాక్టీసు చేస్తున్నాను. అమ్మా, ఒక ప్రశ్న: మరణ ధ్రువపత్రం తీసుకున్నారా?

కళింగతీరం_అమ్మాయి · నవంబరు 12, ఉదయం 11:05

లేదండి. మొదట్లో పెదనాన్న ఒక ఆఫీసుకి వెళ్తే "బాడీ ఏది?" అన్నారు. ఆ మాటకి అమ్మ మళ్ళీ ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. వితంతు పింఛను లేదు, బీమా లేదు. నా ఫీజు మేనత్త కట్టింది.

కోర్టు_గుమ్మం · నవంబరు 12, మధ్యాహ్నం 12:15

శవం లేదని దారి మూసుకుపోదమ్మా. ఆ మాట చెప్పినవారు పూర్తిగా చెప్పలేదు.

ఏడేళ్ళపాటు ఒక మనిషి గురించి, సహజంగా కబురు తెలియాల్సినవాళ్ళకి ఏ కబురూ లేకపోతే, బతికే ఉన్నాడని నిరూపించాల్సిన భారం అలా అనేవాడి మీదే పడుతుంది. పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 111. మీకు తొమ్మిదేళ్ళు. 2016లో బోటు మునిగినప్పుడు కేసు రాసి ఉంటారు, ఆ కాపీ తీయించండి. బతికొచ్చిన ఐదుగురి అఫిడవిట్లు పెట్టుకుని సివిల్ కోర్టులో మరణ ప్రకటన అడగొచ్చు. ఏ రోజున పోయారన్నది ఈ సెక్షన్ దానంతటదే తేల్చదు, దానికి సాక్ష్యం కావాలి. "ఇంజను గదిలోకి దిగడం చూశాం" అన్న సాక్షులు మీకున్నారు, అది పెద్ద బలం. తర్వాత ఆలస్యపు మరణ నమోదుకి మేజిస్ట్రేట్ ఉత్తర్వు. బీమా పాలసీ ఏ ఏడాదిది, గడువేమిటి అన్నది కాగితాలు చూసి చెప్తాను. నా దగ్గరికి తీసుకురండి, ఫీజు మాట ఎత్తొద్దు.

ఇక ఎముక విషయం. దొరికితే మెరైన్ పోలీసుకి చెప్పాలి. అనుమానాస్పద మరణం కింద వాళ్ళు శవ పంచనామా చేస్తారు, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 194వ సెక్షన్ ప్రకారం. చెప్పిన సరంగు దోషి కాడు, సాక్షి. నడి సముద్రంలో ఉండగానే 1093కి చేస్తే తీర రక్షణ పోలీసులకి, 1554కి చేస్తే కోస్ట్ గార్డుకి వెళ్తుంది. మీ ఊరి బోట్లన్నిటి మీదా ఆ రెండు అంకెలు రాయించండి.

శ్రీకూర్మం_పురోహితుడు · నవంబరు 12, రాత్రి 8:30

అమ్మాయీ, మీ అమ్మగారు కర్మ ఎందుకు వద్దంటున్నారో నాకు తెలుసు. "నేను కర్మ చేయిస్తే నేనే చంపినదాన్నవుతాను" అనుకుంటారు. నా దగ్గరికి వచ్చిన గంగపుత్రుల ఇళ్ళ ఆడవాళ్ళు చాలామంది ఇదే మాట అన్నారు.

శాస్త్రం ఆ భయాన్ని ముందే ఆలోచించింది. దేహం దొరకనివారికి దర్భలతో, 360 మోదుగ పుల్లలతో మనిషి బొమ్మ చేసి దానికి సంస్కారం చేస్తారు. ఆ తర్వాత ఆ మనిషి తిరిగొస్తే? దానికీ విధి ఉంది. నేతితో స్నానం చేయించి, జాతకర్మ దగ్గర్నుంచి మళ్ళీ చేయిస్తారు, కొత్తగా పుట్టినట్టు. అంటే కర్మ చేసినా తలుపు మూసినట్టు కాదు. ఈ మాట మీ అమ్మగారికి నా మాటగా చెప్పు.

మీ ఇంట్లో ఖననమే ఆచారమైతే అలాగే చేయవచ్చు, మీ కులపెద్దల మాటే ప్రమాణం. రేపు ఎముక దొరికితే దానికి వేరే సంస్కారం ఉంటుంది, ముందు చేసింది వృథా కాదు. శ్రీకూర్మం గుడి కోనేరు శ్వేత పుష్కరిణి మీ మండలంలోనే ఉంది. ఎక్కడెక్కడి నుంచో అస్థికలు తెచ్చి ఇక్కడ కలుపుతారు. మీరు ఎప్పుడొచ్చినా నేనుంటాను.

ఎముకల_పాఠం · నవంబరు 13, ఉదయం 9:00

నానమ్మగారి రక్తం విషయం ఆలస్యం చేయొద్దు. ఎముక దొరికినప్పుడు చూద్దామనుకుంటే ఆవిడ ఉండకపోవచ్చు. ఇలా అంటున్నందుకు మన్నించు. శుభ్రమైన ఫిల్టరు కాగితం మీద నాలుగు చుక్కలు వేసి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, కాగితం కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ వద్దు, చెమ్మ పట్టి పాడవుతుంది. కవరు మీద పేరు, తారీఖు, తీసిన డాక్టరు సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. పొడిగా ఉంటే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కోర్టు పనికి పోలీసు ద్వారా మళ్ళీ తీయాల్సి వస్తుంది, అప్పటిదాకా ఇదొక జాగ్రత్త. మేనత్తది, నీది కూడా విడివిడి కవర్లలో.

రాడ్డు వేసిన ఆస్పత్రి ఫైలు ఉంటే వెతుకు. అలాంటి రాడ్డుకి లాట్ నంబరు ఉన్న స్టిక్కరు తరచు ఫైల్లో అతికిస్తారు. స్టీలు మీద చెక్కిన అంకె సముద్రంలో కూడా తేలిగ్గా చెరగదు. ఇంజను గదిలో ఆ రాడ్డు దొరికితే డీఎన్‌ఏతో పనే ఉండదు.

కళింగతీరం_అమ్మాయి · నవంబరు 30, రాత్రి 9:10

ఇన్నాళ్ళూ రాయలేకపోయాను, క్షమించండి.

ఫైలు దొరికింది. నాన్న పాత రేకు పెట్టెలో, బోటు లైసెన్సు కింద. చెదలు ఒక మూల తినేశాయి కానీ స్టిక్కరు బాగానే ఉంది: ఎడమ, 9 మిల్లీమీటర్లు, 340 మిల్లీమీటర్లు, దాని కింద అంకెలు. అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో పెట్టుకుని కూర్చుంది. ఏమీ అనలేదు.

మెరైన్ స్టేషనుకి అన్నయ్య, ఆ సరంగుగారు, నేను వెళ్ళాం. సరంగుగారు భయపడుతూనే వచ్చారు. చోటు, లోతు, చెక్క ముక్క రంగు అన్నీ రాసుకుని రసీదు ఇచ్చారు. ఎవర్నీ ఏమీ అనలేదు. సర్వే కోసం నిషేధం రోజుల్లో చేయమని రాసిన అర్జీ డైవరుగారు దిద్దిచ్చినట్టే ఇచ్చాను. కోర్టులో వేసే కాగితం మీద అమ్మ నిన్న వేలిముద్ర వేసింది.

కర్మ విషయం ఇంకా తేల్చుకోలేదు. పురోహితులుగారి మాట చెప్పాను. "మళ్ళీ పుట్టినట్టు చేస్తారా?" అని రెండుసార్లు అడిగింది.

నానమ్మకి ఎందుకో చెప్పకుండా తీద్దామనుకున్నాం, ఆవిడే కనిపెట్టేసింది. వేలు తనే చాపింది. నాలుగు చుక్కలు. కాగితం ఆరేదాకా మంచం మీద నుంచి దాన్నే చూస్తూ పడుకుంది. ఫ్యాను ఆపమంది, ఎగిరిపోతుందని.

గంగమ్మ_ఒడి · నవంబరు 30, రాత్రి 10:00

అమ్మా, మా అమ్మ కూడా ఉంది, డెబ్బై నాలుగు. డాక్టరుగారు చెప్పినట్టు నేనూ ఆమెది తీయించి దాచుతాను. తమ్ముణ్ణి తియ్యమని అడగను. కానీ ఎవరి వలలోనైనా పడితే వాడు ఎవరో తెలియాలి కదా.

సరంగు_మావ · డిసెంబరు 1, ఉదయం 5:05

ఇవాళ బారువ ఎల్తన్నాను. అప్పుడు నా బోటుకి జీపీఎస్ నేదు, కొండ గుర్తే. మహేంద్రగిరి శిఖరం ఎడం పక్కకి దిగే చోట బారువ లైటుహౌసు కలిసి కనబడాల, నీరు ఇరవై బారలు. కళ్ళు మూసుకున్నా చెప్పగలను. తారీఖు తెల్దు గాని మా పెద్దోడి పెళ్ళికి ముందు నెల.

పన్ను తొడుగు పైదవడ, ఎడమ పక్క. అది కూడా రాయించుతాను.